గిడుగు మళ్ళీ దిద్దిన ఓనమాలు

గిడుగు వెంకట రామమూర్తిని మనం వాదించిన మనిషిగా గుర్తుపెట్టుకున్నాం. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న ఏటా జరిగే సభల్లో వినిపించేది ఆ వాదాల కథే. జయంతి రామయ్య పంతులుతో పోరు, సాహిత్య పరిషత్తు పండితులతో పోరు, మద్రాసు విశ్వవిద్యాలయంతో పోరు. ఈ కథలో అబద్ధం లేదు. అయితే ఇందులోంచి ఒక అధ్యాయం జారిపోయింది. వాదానికి దిగకముందు ఆ మనిషి పాతికేళ్లకు పైగా ఏం చేశాడు? పండితులందరూ ఒకవైపు నిలబడితే ఎదురు నిలవగల బలం ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చింది? సాహిత్య విద్యార్థికీ, కలం పట్టిన ప్రతివాడికీ పనికివచ్చే ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

జవాబు చాలా సామాన్యంగా కనిపిస్తుంది. అప్పటికే చదువుకున్నవాడనిపించుకున్న మనిషి, పంతులుగా జీతం తీసుకుంటున్న మనిషి, ఒకసారి కాదు, జీవితంలో అనేకసార్లు మళ్ళీ ఓనమాల దగ్గర కూర్చున్నాడు. ఆధునిక తెలుగు వచనానికి వచ్చిన బలంలో ఈ కూర్చోవడానికి ఎంత పాలుందో చారిత్రకంగా చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనాల పలక

గిడుగు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో, పదిహేడేళ్ల వయసులో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో పంతులుగా చేరాడు. కింది తరగతులకు చరిత్ర చెప్పే ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు ఇచ్చాడు.

ఇంతవరకూ ఇది ఆ కాలపు మధ్యతరగతి ఉద్యోగి జీవితమే. ఉద్యోగం, పరీక్ష, పదోన్నతి. గిడుగు దారి మళ్ళింది పరీక్షలకు అవసరం లేని చదువులో. పర్లాకిమిడికి దగ్గర్లో వంశధార ఒడ్డున ముఖలింగం ఉంది. కళింగ గాంగుల కాలపు గుళ్ళు, గుళ్ళ గోడల మీద, స్తంభాల మీద శాసనాలు. చరిత్ర పంతులు కనుక ఆయన వాటిని చదవాలనుకున్నాడు. తెలుగు వచ్చు, సంస్కృతం వచ్చు. అయినా ఆ రాళ్ల ముందు నిలబడితే ఒక్క పంక్తీ నడవదు. తలకట్టు వేరు, గుణింతాల రూపం వేరు, ఒత్తులు కూర్చిన తీరు వేరు. తెలుగు చదవడం వచ్చినవాడు తెలుగు అక్షరాలనే కొత్తగా కూడబలుక్కోవలసి వచ్చింది.

ఈ పని ఆయనకు ఏమిచ్చింది? మనం శాశ్వతమనుకునే అక్షరం ఒకప్పుడు ఇలా లేదని కంటితో చూపింది. లిపి మారింది, మాట మారింది, ప్రత్యయం మారింది. వ్యాకరణ గ్రంథంలో నిశ్చలంగా కనిపించే భాష రాతి మీద కదులుతూ కనిపించింది. తర్వాత ముప్పై ఏళ్ల వాదంలో గిడుగు పదేపదే చెప్పిన మాట ఇదే: భాష మారుతుంది, మారడమే దాని స్వభావం. ఆ మాటను ఆయన ముందు ఏ సిద్ధాంత గ్రంథంలోనో చూసి ఉండవచ్చు. కాని దానిని నమ్మడానికి కావలసిన సాక్ష్యం ముఖలింగం గోడల మీదనే ఉంది.

సవర పంతుళ్ళ ముందు

రెండోసారి ఓనమాలు ఇంతకంటే కఠినమైనవి. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉంటారు. బజారుకు దిగివచ్చిన సవరవాణ్ణి కొలతలో, తూకంలో, లెక్కలో మోసం చేయడం సులువు. కారణం ఒక్కటే, అతని భాష కిందివాళ్లకు పట్టదు, వీళ్ల రాత అతనికి రాదు. 1890లలో గిడుగు ఆ భాష నేర్చుకోవడానికి పూనుకున్నాడు. అప్పటికి ఆయన ముప్పై ఏళ్ల వయసువాడు, సంసారి, ఊళ్లో పేరున్న ఉపాధ్యాయుడు.

సవర తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాష, ఆగ్నేయాసియా దాకా విస్తరించిన ఆస్ట్రో ఆసియాటిక్ కుటుంబానికి చెందినది. తెలుగు వ్యాకరణం అక్కడ పనికిరాదు, సంస్కృతమూ పనికిరాదు. లిపి లేదు, నిఘంటువు లేదు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని గిడుగు మాటామాటా నేర్చుకున్నాడు. తరువాత కొండలెక్కి సవరల మధ్యనే తిరిగాడు.

ఒక్క మాట తీసుకుందాం. సవరలు నీళ్లను ‘డఅ’ లాంటి మాటతో పిలుస్తారు. రాస్తే సులువుగానే ఉంది. పలకడం మాత్రం అలా కుదరదు. ఆ రెండు అచ్చుల మధ్య గొంతు ఒక్క లిప్త పాటు మూసుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. యాభై ఆరు అక్షరాలు వల్లె వేసిన పండితుడి చెవికి అది ముందు వినబడనే వినబడదు. మన చెవి వినేది చాలావరకు అప్పటికే నేర్చుకున్న ధ్వనులనే. కొత్త ధ్వని వినాలంటే చెవిని మళ్ళీ బడికి పంపాలి.

ఇక్కడ జరిగిన ఒక సామాజిక సంఘటనను మనం గుర్తించాలి. గురువంటే చదువుకున్నవాడు, శిష్యుడంటే చదువు లేనివాడు అనేది మన సమాజం శతాబ్దాలుగా నిలబెట్టిన అమరిక. పర్లాకిమిడిలో అది తలకిందులైంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి రాజావారి బడిలో పాఠాలు చెప్పే పంతులు శిష్యుడయ్యాడు. అక్షరం రాని కొండమనిషి గురువయ్యాడు. ఉచ్చారణ సరిపోయిందో లేదో తేల్చే అధికారం ఆ కొండమనిషిదే. ఇది వినయ ప్రదర్శనతో అయ్యే పని కాదు. ఆ అధికారం ఆయనకు ఇవ్వకపోతే భాష రాదు, అంతే.

ఆ కొండల్లో తిరగడానికి గిడుగు పెద్ద మూల్యమే చెల్లించాడు. మలేరియా పట్టింది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. ధ్వనుల కోసం వెళ్లినవాడు వినికిడి పోగొట్టుకున్నాడు. అయినా పని ఆపలేదు. సవర వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశాడు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టి పంతుళ్ళకు జీతాలిచ్చాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది, అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, అప్పటికి 75. ముప్పైలలో మొదలుపెట్టిన ఓనమాలు డెబ్భైలలోనూ సాగుతూనే ఉన్నాయి.

సవర నుంచి తెలుగుకు

సాహిత్య చరిత్రల్లో ఈ సవర కృషిని గిడుగు చేసిన మరో మంచిపనిగా, ఒక అనుబంధంగా పేర్కొంటారు. ముందు వ్యావహారిక భాషోద్యమం, తరువాత ఒక పేరాలో సవరలు. కాలక్రమం చూస్తే ఇది తారుమారు వరస. సవర ముందు, తెలుగు వాదం తరువాత. జె.ఎ. యేట్స్ అనే పాఠశాలల తనిఖీ అధికారి ఉత్తర కోస్తాకు వచ్చింది 1907 ప్రాంతంలో. పిల్లలు మాట్లాడే తెలుగుకూ వాచకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని ఆయన అడిగిన ప్రశ్న విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడకూ గిడుగుకూ చేరింది. ఆ ప్రశ్న అప్పటికి ఎందరో పంతుళ్ళ చెవిన పడి ఉంటుంది. గిడుగు చెవిలో అది వేరుగా మోగడానికి కారణం ఉంది.

వ్యాకరణం చదువుకున్న పండితుడు ఒక మాట వినగానే అడిగే ప్రశ్న: ఇది సాధువా, అసాధువా? సవర నేర్చుకునేవాడికి ఆ ప్రశ్న వేసే వీలు లేదు. అతను అడగగలిగింది ఒక్కటే: వీళ్లు ఏమంటున్నారు? పదిహేనేళ్లు ఆ ప్రశ్నకు అలవాటుపడిన మనిషి అదే ప్రశ్నను తెలుగు దగ్గరికి తెచ్చాడు. తెలుగువాళ్లు ఏమంటున్నారు? ఏమని రాస్తూ వచ్చారు? వ్యావహారిక భాషోద్యమం నిజమైన పుట్టుక ఇక్కడ ఉన్నదని నేను భావిస్తున్నాను. భాషాశాస్త్రం పేరు మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా వినిపించని రోజుల్లో గిడుగు ఆ శాస్త్రాన్ని సవర నోటి నుంచి నేర్చుకున్నాడు. హెన్రీ స్వీట్ వంటి ధ్వనిశాస్త్రవేత్తల పుస్తకాలు చదివి దానికి పేరు పెట్టుకున్నాడు.

అప్పుడు ఆయన మూడోసారి మొదటికి వెళ్లాడు. ఈసారి చిన్నయసూరి బాలవ్యాకరణం దగ్గరికి. పేరులోనే ‘బాల’ ఉన్న ఆ పుస్తకాన్ని పండితులు సూత్రాలుగా వల్లించేవారు. గిడుగు దానిని పక్కన పెట్టుకుని నన్నయ నుంచి మొదలుపెట్టి కావ్యాలన్నీ మళ్ళీ చదివాడు. సూత్రం తప్పన్న రూపాలు మహాకవుల రచనల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెదికి రాసుకున్నాడు. ‘బాలకవి శరణ్యం’ అలా పుట్టింది. వ్యావహారికాన్ని ఈసడించే పండితుల గ్రాంథికంలో వాళ్ల నియమాలకే తగలని రూపాలు ఎత్తి చూపుతూ ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ రాశాడు. ప్రత్యర్థుల కంటే ఆయనకు గ్రాంథికం ఎక్కువ తెలుసు. అందుకే ఆయన మాటను చదువురానివాడి మాటగా కొట్టిపారేయడం వాళ్లకు సాధ్యం కాలేదు.

ఫలితాలు మనకు తెలిసినవే. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథికం వైపు నిలబడింది. 1912-13లో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని ఆధునిక భాషలోనూ రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. ఆధునిక భాషకు నమూనాగా చూపింది 1838లో అచ్చైన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను. పండితుల ఆందోళనతో ఆ వెసులుబాటు ఎంతోకాలం నిలవలేదు. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించి మరుసటి ఏడాదే కన్నుమూశాడు. 1919లో గిడుగు ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టి ఏడాదిపాటు నడిపాడు. పోరు ఆయన తరువాత కూడా దశాబ్దాలు సాగింది.

గురజాడ విషయంలోనూ ఇదే లక్షణం కనబడుతుంది. 1897లో అచ్చై పేరు తెచ్చుకున్న కన్యాశుల్కాన్ని ఆయన అలాగే ఉంచలేదు. మళ్ళీ మొదటినుంచి పట్టుకుని, పెంచి, కొత్త నాటకమే అనదగినంతగా మార్చి 1909లో ప్రకటించాడు. ఇవాళ మనం చదివేది ఆ రెండో రచననే. ఇద్దరు సహాధ్యాయులూ ఒకే అభ్యాసం చేశారు. వచ్చిన పేరు మీద కూర్చోలేదు.

రెండు రకాల వెనక్కి మళ్లడం

మూలాలకు మళ్ళాలి అన్న మాట ప్రమాదకరమైనది కూడా. అభివృద్ధి నిరోధకులు ఎప్పుడూ చెప్పే మాట అదే. గిడుగు ప్రత్యర్థులు కూడా మూలాలకు మళ్ళమనే చెప్పారు. నన్నయ తిక్కనల భాషే ప్రమాణం, దానిని విడిస్తే భ్రష్టత్వం అన్నారు. మరి ఇద్దరికీ తేడా ఎక్కడ?

పండితులు మళ్ళమన్నది నియమానికి. నియమం ముందే తయారై ఉంది, దానిని ఒప్పజెప్పడమే చదువు. గిడుగు మళ్ళింది సాక్ష్యానికి. రాతి మీద ఏముంది, సవర నోట ఏముంది, తిక్కన పద్యంలో నిజంగా ఏముంది అని చూశాడు. చూసినది తన నమ్మకానికి అడ్డం వస్తే నమ్మకాన్ని మార్చుకోవడానికి సిద్ధపడ్డాడు. మొదటి పద్ధతిలో వెనక్కి వెళ్లినవాడు అక్కడే ఉండిపోతాడు. రెండో పద్ధతిలో వెళ్లినవాడు ముందుకు వస్తాడు. సంప్రదాయం పట్ల మన వైఖరి ఏమిటని విద్యార్థులు అడిగినప్పుడు చూపదగిన ఉదాహరణ ఇది.

గిడుగు పరిమితులను కూడా దాచనవసరం లేదు. ఆయన పాఠ్యగ్రంథాల కోసం కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్న వర్గాలవాళ్లు మాట్లాడే తెలుగు. అది ఆ కాలానికి ముందడుగే. కాని అదే కాలక్రమేణా కోస్తా జిల్లాల పైవర్గాల మాటకు పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో పెద్దపీట వేయడానికి సాకైంది. తెలంగాణ పలుకును తక్కువ చేసి చూసిన రోజులు మనలో చాలామందికి అనుభవమే. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014 నుంచి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని భాషా దినంగా జరుపుకోవడం వెనుక ఆ బాధ ఉంది. ఒకనాటి తిరుగుబాటు మరొకనాటికి ప్రమాణమై కూర్చుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు మళ్ళీ మొదటి ప్రశ్న వేయాలి: వీళ్లు ఏమంటున్నారు?

సవరల విషయంలోనూ కథ గిడుగుతో ముగియలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరాడు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపిని రూపొందించాడు. పరాయి లిపిలో తమ మాట చూసుకోవడం చాలదనుకున్న జాతి చేసిన ప్రకటన అది. తెలుగు లిపి అయినా, ఒడియా అయినా, రోమన్ అయినా ఇచ్చినది బయటివాళ్లే. గిడుగు కృషిని తగ్గించకుండానే ఈ సంగతిని కూడా మన సాహిత్య విద్యార్థులు తెలుసుకోవాలి. మన పాఠ్యపుస్తకాల్లో గిడుగు పేరుంటుంది. ఆయనకు సవర నేర్పినవాళ్ల పేర్లుండవు.

టేకులపల్లి తరగతి గదిలో

నేను పనిచేసే టేకులపల్లి ఇల్లెందు పక్కన అడవి అంచున ఉంది. 2016 వరకు ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇక్కడ ఒక బడిలో కోయ పిల్లలు, లంబాడీ పిల్లలు, తెలుగు ఇళ్ల పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. నీళ్లను కోయలో ‘ఏరు’ అంటారు, లంబాడీలో ‘పాణి’ అంటారు, వాచకంలో ‘నీళ్లు’ అని ఉంటుంది. తెలుగులో ఏరు అంటే పారే వాగు. కడవలో ఏరు ఉంది అని కోయ పిల్ల రాస్తే జవాబుపత్రం దిద్దేవారి ఎర్రసిరా దాన్ని తప్పు అంటుంది. భాషాచరిత్ర తెలిసిన పంతులుకు ఆ తప్పులో రెండు భాషల పాత చుట్టరికం కనిపిస్తుంది. తెలుగూ కోయా దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన అక్కచెల్లెళ్లు. మనం వాగుకు ఉంచుకున్న మాటను వాళ్లు నీళ్లకు ఉంచుకున్నారు. అలాగని పోలికలన్నీ నిజం కావు. కోయలో ‘లోను’ అంటే ఇల్లు. మన చెవికి అది ‘లోపల’ అన్నట్టు వినిపిస్తుంది. వినిపించినదల్లా నమ్మక, అడిగి తెలుసుకోవడమే ఈ చదువులో మొదటి పాఠం.

ఎం.ఏ. తెలుగు పట్టా చేతిలో ఉన్నవాడికి ఈ గదిలో ఆ పట్టా సగమే అక్కరకొస్తుంది. తక్కిన సగం ఆ పిల్లల దగ్గర, వాళ్ల తల్లుల దగ్గర, సంతలో, ఇప్పపూలు ఏరే చోట నేర్చుకోవాలి. వందేళ్ల కిందట గ్రాంథిక వాచకం తెలుగు పిల్లవాడికి ఎంత పరాయిదో, నేటి వ్యావహారిక వాచకం కోయ పిల్లవాడికి అంతకంటే పరాయిది. గిడుగు గెలుపు మీద నిలబడిన మనం ఈ సంగతి గమనించకపోతే ఆయన ప్రత్యర్థుల స్థానంలో మనం కూర్చున్నట్టే.

ఈ దారిలో జరిగిన పని లేకపోలేదు. 1943లో హైదరాబాద్ సంస్థానంలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ ప్రోద్బలంతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలై గోండీలో పాఠాలు తయారయ్యాయి. తెలుగు ధాతువుల చరిత్ర మీద పుస్తకం రాసిన భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మాట్లాడేవారి దగ్గరికి వెళ్లి నేర్చుకుని 1969లో దాని వ్యాకరణం ప్రకటించాడు. అంతకుముందే రైతుల నోటి మాటలు సేకరించి 1962లో వ్యవసాయ పదాల కోశం తెచ్చాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యా కార్యక్రమం ప్రారంభమైంది. కోయ, సవర, లంబాడీ అందులో ఉన్నాయి. ఇటువంటి ప్రతి ప్రయత్నమూ మొదట కాగితం మీద బలంగా ఉంటుంది. అది నిలబడేది పంతులు తాను కూడా నేర్చుకోవడానికి ఒప్పుకున్న చోట మాత్రమే.

మన సంఘానికి ఈ చరిత్రతో నేరుగా బంధుత్వముంది. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు పర్లాకిమిడిలో గిడుగు దగ్గర చదువుకున్నవాడు. ప్రజల భాషలో ప్రజల కోసం రాయాలన్న మాట మన ప్రణాళికలోకి వచ్చిన దారుల్లో ఆ బడి ఒకటి. ఆ మాటను మనం వేదికల మీద చాలాసార్లు చెప్పాం. చెప్పినన్నిసార్లు అభ్యాసం చేశామా అన్నది ఆలోచించాలి. శ్రామికుడి మీద కథ రాసేవాడు శ్రామికుడి మాట విని ఎన్నాళ్లయింది? గిరిజనుడి పాత్రకు మనం ఇచ్చే యాస ఏ ఊళ్లో మాట్లాడేది? సినిమాల్లో విన్నదా, సంతలో విన్నదా? ఇవి శిల్పానికి సంబంధించిన ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని, నిజానికి నిబద్ధతకు సంబంధించినవి. వినకుండా రాసినప్పుడు మనం ఎవరి పక్షాన ఉన్నామని చెప్పుకుంటున్నామో వాళ్ల నోరే మూస్తున్నాం.

అందువల్ల నాది ఒక చిన్న ప్రతిపాదన. యువ రచయితలకు మనం పెట్టే శిక్షణ తరగతుల్లో మొదటి రోజు కథాశిల్పం, కవిత్వ నిర్మాణం మీద ఉపన్యాసాలు వద్దు. పాల్గొనేవాళ్లను దగ్గరి గూడేనికో, తండాకో, నేతగాళ్ల వాడకో పంపుదాం. ఒక పనికి సంబంధించిన యాభై మాటలు, పలికినవాళ్ల పేర్లతో సహా రాసుకురమ్మందాం. రెండో రోజు ఆ పలికినవాళ్లలో ఇద్దరు ముగ్గురిని పిలిపించి, రాసినది సరిగ్గా ఉందో లేదో వాళ్లచేతే దిద్దిద్దాం. ఇందులో కొత్త రచయితలతోపాటు పేరున్నవాళ్లు కూడా కూర్చోవాలి. 75 ఏళ్ల వయసులో నిఘంటువు అచ్చు చూసుకున్న పర్లాకిమిడి పంతులు వారసులమని చెప్పుకోవడానికి ఆపాటి పని అవసరం.